చీటీ లేని చేప

రంగుచేపలు అమ్మే దుకాణాలు ఇప్పుడు చిన్న పట్టణాలలో కూడ రెండో మూడో ఉంటున్నవి. వరుసగా పేర్చిన గాజుతొట్లలో ఏంజెల్ చేపకు, గప్పీకి, గోల్డుఫిష్‌కు ధర రాసిన చీటీలు అంటించి ఉంటవి. క్రింది వరుసలో, వెలుతురు సరిగా పడని మూలతొట్టిలో, రెండంగుళాలకు మించని నాలుగైదు చేపలు ఒక ప్లాస్టిక్ మొక్క వెనుక నక్కి కనబడతవి. వాటికి చీటీ ఉండదు. పేరేమిటని అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: "ఏవో సిక్లిడ్లు సార్. మిక్సుడు లాటులో వచ్చినయి. తీసుకోండి, తక్కువకే ఇస్తా."

మూడేళ్ళ క్రితం ఒక డిసెంబరులో ఇట్లాగే రెండు చేపలు కొని ఇంటికి తెచ్చాను. వెలిసిన బూడిదరంగు శరీరము, కంటిమీదుగా నల్లని నిలువుగీత, పక్కన ఒక నల్లమచ్చ. పుస్తకాలలోని బొమ్మలతో పోల్చి ఇవి బొలీవియా రామ్ చేపలు అని తీర్మానించాను. ఆ చేప చల్లదనానికి ఓర్చుకుంటుంది కాబట్టి నీటిని వేడిచేసే సాధనము పెట్టలేదు. తెల్లవారుజామున తొట్టినీటి ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు దిగేది. పది రోజులు గడిచేసరికి ఒక చేప తిండి మానివేసి, మూలకు చేరి, చనిపోయింది. రెండవదానిని వెచ్చని నీటిలోకి మార్చాను. వారంలో దానికి రంగు వచ్చింది. ఒంటినిండా నీలిచుక్కలు, నల్లమచ్చ లోపల కూడ నీలిచుక్కలు! అది బొలీవియా రామ్ కాదు, 28 డిగ్రీల వెచ్చదనము కోరే వెనిజులా రామ్. పేరు తప్పు చెప్పుకున్నందుకు మూల్యము చేప చెల్లించింది.

కనుక చీటీ లేని చేపను ఎట్లా గుర్తించాలి, పూర్తిగా గుర్తుపట్టలేనప్పుడు దానిని ఎట్లా బ్రతికించాలి అన్న రెండు ప్రశ్నలను ఇక్కడ కలిపి విచారిస్తాను. పాఠశాలలో చేపలతొట్టి పెట్టుకున్న ఉపాధ్యాయులకు ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు కావు.

మొదట, అది సిక్లిడ్ అవునా? సిక్లిడే అను కుటుంబములోని చేపలు ఆఫ్రికా, మధ్య దక్షిణ అమెరికాలలో విస్తారంగాను, మడగాస్కర్, పశ్చిమాసియా, దక్షిణ భారతము, సింహళములలో కొద్దిగాను ఉన్నవి. గాజుకు దగ్గరగా వచ్చినప్పుడు చేప ముట్టెను భూతద్దముతో చూడండి. చాలా చేపలకు ముట్టెకు ఒక్కొక్క ప్రక్క రెండేసి నాసికా రంధ్రాలు ఉంటవి, సిక్లిడ్‌కు ఒక్కొక్కటే. తరువాత ప్రక్కల నడిచే పార్శ్వరేఖను చూడండి. నీటిలోని కదలికలను పసిగట్టే జ్ఞానేంద్రియమిది. సిక్లిడ్లలో ఈ రేఖ నడుమ తెగి ఉంటుంది: ముందు ముక్క వీపుకు దగ్గరగా, వెనుక ముక్క తోకకాడ మధ్యలో. అయితే ఇది ఒక్కటే చాలదు. నేలమీద ప్రాకగల అనాబాస్ చేపలో కూడ ఈ రేఖ తెగే ఉంటుంది. రెండు లక్షణాలూ కలిసినప్పుడే నమ్మాలి. మూడవ లక్షణము బయటికి కనబడదు. సిక్లిడ్లకు నోటిలోని దవడలు కాక, గొంతులో మరొక జత దవడలు ఉన్నవి. నోటితో పట్టుకొని గొంతుతో నములుతవి. ఈ కుటుంబము ఇన్ని వందల జాతులుగా విడివడి, ఇన్ని రకాల ఆహారాలకు అలవాటుపడటానికి ఈ ఏర్పాటు ఒక ముఖ్యకారణమని జీవశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మన దేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడే. కేరళీయులు కరిమీన్ అనే ఎట్రోప్లస్ సురటెన్సిస్ (కేరళ ప్రభుత్వము 2010లో దీనిని రాష్ట్ర మత్స్యముగా ప్రకటించింది, మన పులికాటు సరస్సులోనూ దొరుకుతుంది), కర్ణాటక తీరపు నదులలోని ఎట్రోప్లస్ కెనరెన్సిస్, పసుపు నారింజ వన్నెల చిన్నచేప స్యూడెట్రోప్లస్ మాక్యులేటస్. ఈ చివరిది ఎనిమిది సెంటీమీటర్లకు మించదు కాబట్టి దానినీ మరుగుజ్జుల లెక్కలో వేయవచ్చును. దుకాణాలలో ఇదీ పేరు లేకుండానే అమ్ముడుపోతుంది. గుర్తుపట్టడము సులభము: దాని గుదవాజములో ముళ్ళు పన్నెండుకు తక్కువ ఉండవు. అమెరికా, ఆఫ్రికా మరుగుజ్జులలో ఆ ముళ్ళు సాధారణంగా మూడే. దీని పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొరికి తింటవి. విదేశీ చేపకోసము వెతికే విద్యార్థికి మన చేపే ఇంత విశేషము చూపగలదు!

సిక్లిడ్ అని తేలిన తరువాత వచ్చే చిక్కు మరొకటి: అది నిజంగా మరుగుజ్జా, లేక పెద్దజాతి పిల్లా? పది సెంటీమీటర్లకు మించి పెరగని వాటిని మరుగుజ్జు సిక్లిడ్లు అనడము పెంపకందారుల వాడుక; శాస్త్రీయమైన వర్గము కాదు. ఆస్కార్ చేప పిల్ల కూడ రెండంగుళాలే ఉంటుంది, ఏడాదిలో జానెడు దాటుతుంది. తలతో పోలిస్తే కన్ను మరీ పెద్దగా ఉండి, వాజాల అంచులు గుండ్రంగా, కొనలు లేకుండా ఉంటే పిల్ల అని అనుమానించాలి. వాజాల కొనలు సాగి ఉన్నా, ఆడమగ తేడా స్పష్టంగా కనబడుతున్నా, అది తన పరిమాణానికి చేరుకున్న చేప. నెలకొకసారి గాజు వెలుపల స్కేలు పెట్టి కొలిచి రాసుకుంటే మూడు నెలలలో అనుమానము తీరుతుంది.

ఇక మన దుకాణాలకు తరచుగా వచ్చే మరుగుజ్జులు. రామ్ చేపల సంగతి పైన కొంత చెప్పాను. వెనిజులా, కొలంబియా దేశాలలో ఒరినోకో నది పచ్చికమైదానాల వెచ్చని, మెత్తని నీటిలో పుట్టినది మైక్రోజియోఫాగస్ రమిరెజి. 1948లో మయర్స్, హ్యారీ అనే శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించారు. పొట్టిగా, ఎత్తుగా, అయిదు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఆడచేప పొట్టమీద గులాబివన్నె, ప్రక్కమచ్చలో నీలిచుక్కలు ఉంటవి. మగదానికి పృష్ఠవాజపు ముందు ముళ్ళు పొడవు. దీని బంగారువన్నె రకము, నీలిరకము, గుండ్రని బెలూను రకము అన్నీ తొట్లలో ఏర్పరచినవే. బెలూను రకము వెన్నెముక వంకరపోయిన చేప. అది వేడుక అని నేను అనలేను. బొలీవియా రామ్ అనగా మైక్రోజియోఫాగస్ ఆల్టిస్పినోసస్ కొంచెము పెద్దది, ఏడెనిమిది సెంటీమీటర్లు. దానికి నీలిచుక్కలు ఉండవు. వాజాల అంచు ఎరుపు, తోక పై క్రింది కొనలు సాగి ఉంటవి. భయపడిన చేపలో ఈ రంగులేవీ కనబడవు. దుకాణపు తొట్టిలో ప్రతిచేపా భయపడిన చేపే. నేను చేసిన పొరపాటు అదే.

ఆఫ్రికా మరుగుజ్జులలో ఎక్కువగా వచ్చేది క్రిబ్. దుకాణదారులు, పాత పుస్తకాలు దీనిని క్రిబెన్సిస్ అంటారు. క్రిబి కామెరూన్ తీరములోని ఒక ఊరు. ఆ ఊరి పేరుతో బూలెంజర్ 1911లో వర్ణించిన చేప వేరు. మన తొట్లలోని నైజీరియా చేపను అదే బూలెంజర్ అంతకు పదేళ్ళ ముందే, 1901లో, పుల్కర్ అని వర్ణించాడు. ఇప్పుడు దాని పేరు పెల్వికాక్రోమిస్ పుల్కర్. అసలు క్రిబెన్సిస్‌ను చాలాకాలము టేనియేటస్ అను మరొక జాతిలో కలిపివేసి, మళ్ళీ ఇటీవల వేరు చేశారు. అయినా వ్యాపారములో నిలిచిన పేరు పోలేదు. చీటీ ఉన్నంతమాత్రాన అది నిజము చెబుతుందని అనుకోకూడదని దీనివల్ల తేలుతుంది. చేప మాత్రము గుర్తుపట్టడానికి సులువే: తలనుండి తోకవరకు నల్లని పట్టె, ఆడదాని పొట్ట పండిన నేరేడు రసము పులిమినట్లు ఎర్రని ఊదా.

అసలు కష్టము అపిస్టోగ్రామా ప్రజాతి దగ్గర వస్తుంది. రీగన్ 1913లో ఏర్పరచిన ఈ ప్రజాతిలో ఇప్పటికి తొంబైకి పైగా జాతులు వర్ణింపబడినవి. ఇంకా వర్ణిస్తూనే ఉన్నారు. దక్షిణ అమెరికాలో రాలిన ఆకులు అడుగున పరుచుకున్న చిన్నవాగులు వీటి నివాసము. రెండు జాతుల ఆడచేపలను ప్రక్కప్రక్కన పెడితే నిపుణుడు కూడ తడబడతాడు. కాబట్టి మగచేపతోనే మొదలుపెట్టాలి. రంగును చివరకు విడిచిపెట్టండి. అది గంటగంటకు మారుతుంది. మారని వాటిని ముందు చూడండి. తోక ఆకారము ఏమిటి? గుండ్రమా, ఈటెమొనా, రెండుకొనల వీణతోకా? పృష్ఠవాజపు ముందు ముళ్ళమధ్య పొర విడివిడిగా జుట్టులా లేచి ఉందా, లేక అంచు అంతా ఒక్కటిగా ఉందా? ప్రక్కనున్న నల్లపట్టె తోకలోపలికి సాగిందా, తోకకాడ దగ్గర ఆగిపోయిందా? పట్టె క్రింద పొట్టమీద సన్నని గీతలు ఉన్నవా?

ఈ నాలుగు ప్రశ్నలతోనే దుకాణాలలో దొరికే మూడు ముఖ్యజాతులు విడిపోతవి. తోక వీణలా రెండు కొనలు తేలి, ముందు ముళ్ళ పొరలు కాకటూ చిలుక జుట్టులా లేచి, పెదవులు మందముగా, పొట్టమీద మూడు గీతలు ఉంటే అది 1951లో హోడెమాన్ వర్ణించిన అపిస్టోగ్రామా కాకటుయాయిడిస్. తోక ఈటెమొనలా సూదిగా ఉండి, నల్లపట్టె తోకలోపలికి సాగితే అపిస్టోగ్రామా అగస్సిజి. ఒళ్ళు ఎత్తుగా, పృష్ఠవాజము తెరచాపలా, తోక గుండ్రంగా, ముఖము పసుపుగా మిగిలిన ఒళ్ళు నీలముగా ఉంటే పరాగ్వే నదీ ప్రాంతపు అపిస్టోగ్రామా బొరెల్లి. ఇందులో దేనికీ సరిపడకపోతే?

సరిపడకపోతే చీటీమీద బలవంతంగా ఒక జాతిపేరు రాయకండి. వర్గీకరణ శాస్త్రజ్ఞులకు ఒక మంచి అలవాటు ఉంది. ప్రజాతి తెలిసి జాతి తెలియనప్పుడు 'అపిస్టోగ్రామా, జాతి తెలియదు' అని రాస్తారు. ఒక జాతిని పోలి ఉండి నిశ్చయము లేనప్పుడు నడుమ 'కాన్ఫర్' అనే లాటిన్ మాటను చేరుస్తారు. పోల్చి చూడుము అని దాని అర్థము. మా కళాశాల తొట్టిమీద 'అపిస్టోగ్రామా కాన్ఫర్ కాకటుయాయిడిస్' అని రాసినప్పుడు ఒక విద్యార్థి నవ్వాడు: "తెలియదని ఇంత పెద్దపేరు పెట్టారా మేష్టారూ!" నవ్వినా అడిగింది సరిగానే అడిగాడు. తెలిసినంతవరకు తెలుసు అని, ఆ తరువాత తెలియదు అని, రెండూ ఒకే చీటీలో చెప్పే ఏర్పాటు అది. వేరువేరు జాతుల ఆడమగలను ఒకే జాతి అనుకొని జతకడితే సంకరపు పిల్లలు పుడతవి. వాటిని మళ్ళీ దుకాణానికి ఇస్తే తరువాతి కొనుగోలుదారుడు పట్టుకునే పుస్తకములో వాటి బొమ్మే ఉండదు.

ఆడమగల గుర్తింపులోనూ ఒక మోసము ఉంది. ఆ కాకటుయాయిడిస్ గుంపు కొన్నప్పుడు పెద్దది ఒకటి మగది, చిన్నవి రెండూ ఆడవి అనుకున్నాను. నాలుగవ నెలలో పెద్దచేప చనిపోయింది. మూడు వారాలలో చిన్నవాటిలో ఒకదానికి జుట్టు లేచింది, తోక సాగింది! ఈ ప్రజాతిలో బలవంతుడైన మగచేప ఎదుట చిన్న మగచేపలు ఆడవేషము వేసుకొని, దెబ్బలు తప్పించుకుంటవి. సందు దొరికినప్పుడు గూటిలోకి జొరబడి గుడ్లను ఫలదీకరిస్తవి కూడ. పిల్లలను కాచే అసలు ఆడచేప నిమ్మపండులా పసుపు తిరిగి, నల్లని గుర్తులు దిద్దినట్లు కనబడుతుంది. ఆ పసుపు వచ్చినదాకా ఆడది అని గట్టిగా అనకపోవడము మేలు.

ఇప్పుడు నీటి సంగతి. ఇక్కడే ఎక్కువ చేపలు చనిపోతవి. ఈ చేపలలో చాలా వాటి పుట్టింటి నీరు మెత్తనిది, ఆమ్లగుణము కలది. మన బోరునీరు చాలాచోట్ల కఠినమైనది, క్షారగుణము కలది. ముందు మన నీరు ఎట్టిదో తెలుసుకోవాలి. ఒకే కొలత వాననీటిని, బోరునీటిని రెండు సీసాలలో పోసి, సబ్బుద్రావణము చుక్క చుక్కగా కలిపి కుదిపితే నురుగు నిలవడానికి ఏ నీటికి ఎన్ని చుక్కలు పట్టినవో ఎనిమిదవ తరగతి పిల్లలే చెప్పగలరు. మబ్బుపట్టి గట్టివాన మొదటి పావుగంట కురిసిన తరువాత శుభ్రమైన డాబామీదినుండి పట్టిన వాననీరు గాని, శుద్ధియంత్రపు నీరు గాని బోరునీటిలో కలిపి కఠినత్వము తగ్గించవచ్చును. ఉత్త వాననీరు వాడకూడదు. పీహెచ్‌ను నిలిపి ఉంచే లవణాలు అందులో లేవు. ఎండి రాలిన బాదం ఆకులు నాలుగైదు వేస్తే నీరు తేనీటి రంగు తిరిగి, టానిన్ల వలన కొంచెము ఆమ్లగుణము వస్తుంది, చేపలకు నక్కడానికి చోటూ దొరుకుతుంది. కాని బాదం ఆకు కఠిన జలాన్ని మెత్తబరచలేదు. ఈ రెండూ వేరు. బాగా కఠినమైన నీటిలో ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ దాదాపు కదలదు.

చేప ఏదో తెలియనప్పుడు మధ్యేమార్గము పట్టాలి: 26 డిగ్రీల వెచ్చదనము, తటస్థానికి దగ్గరగా ఉన్న నీరు, నిలకడ. తొట్టిచేపలలో చాలా భాగము తొట్లలోనే తరాలుగా పుట్టినవి కాబట్టి పుట్టింటి నీటిని అచ్చంగా అనుకరించనక్కరలేదు; పెద్ద మార్పులు ఉండకూడదు. కాకటుయాయిడిస్, క్రిబ్, బొలీవియా రామ్ కొంత కఠిన జలానికి ఓర్చుకుంటవి. రమిరెజి అనే అనుమానము ఏమాత్రము ఉన్నా 28 డిగ్రీలకు తగ్గకూడదు.

కొత్త తొట్టిలో చేపలు మొదటి నెలలోనే ఎందుకు చనిపోతవి? చేప విసర్జించే అమోనియాను ఒక రకపు బాక్టీరియా నైట్రైట్‌గాను, మరొక రకము దానిని నైట్రేట్‌గాను మారుస్తవి. మొదటి రెండూ విషము. నైట్రేట్ అంతగా కాదు. ఈ బాక్టీరియా వడపోత స్పంజీలో స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మరొక సూక్ష్మము ఉంది. నీటిలో అమోనియా రెండు రూపాలలో ఉంటుంది: అంతగా హాని చేయని అమ్మోనియమ్ అయాను, విషమైన అమోనియా వాయువు. 25 డిగ్రీలలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తములో వాయురూపము నూటికి సుమారు 0.6 వంతు; పీహెచ్ 8 అయితే 5 వంతులు దాటుతుంది. అంటే ఆమ్లపు నీటిలో కుదురుగా ఉన్న తొట్టిలో ఒక్కసారి రెండు బకెట్ల బోరునీరు పోస్తే అప్పటిదాకా నిద్రపోతున్న విషము తొమ్మిది రెట్లు లేస్తుంది. నీరు మార్చిన మరునాడు చేపలు చనిపోయినవని చెప్పేవారిలో కొందరి విషయములో జరిగేది ఇదే. వారానికి నాలుగవ వంతు మాత్రము, అదే వేడి నీరు, మెల్లగా మార్చండి. కుళాయినీటిలో క్లోరిన్ ఉంటుంది. ప్రయోగశాలలో ఉండే హైపో, అనగా సోడియమ్ థయోసల్ఫేట్, చిటికెడు వేస్తే అది విరిగిపోతుంది.

తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉంటే ఒక జతకు చాలును. అందులో పట్టేది 54 లీటర్లు. అడుగున సన్నని ఇసుక పరచండి. రామ్ చేప ఇసుకను నోటితో తీసి మొప్పలనుండి జల్లించి తింటుంది. మన మే నెలలో సమస్య చలి కాదు. 33 డిగ్రీలు దాటిన నీటిలో ఆమ్లజని తక్కువగా కరుగుతుంది. మూత తీసి, నీటి ఉపరితలముమీదికి ఫంకా గాలి తగిలేట్లు పెడితే ఆవిరి వలన రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆహారానికి ఆర్టీమియా పిల్లలు, డాఫ్నియా మంచివి. మురుగుకాలువల ట్యూబిఫెక్స్ పురుగులు రోగాలను తెస్తవి, నేను వాడను.

కొబ్బరి చిప్పను బోర్లించి, అంచున వేలు దూరేంత కన్నము కొడితే అపిస్టోగ్రామాకు, క్రిబ్‌కు గూడు సిద్ధము. ఆడది కప్పుకు గుడ్లు అంటించి కాపలా కాస్తుంది. రామ్ మాత్రము చదునైన రాతిమీద బయటనే పెడుతుంది. పిల్లలు పెరిగిన తరువాత మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అని లెక్కించండి. రోమర్, బైసెన్‌హెర్జ్ 1996లో ప్రచురించిన పరిశోధనలో 23, 26, 29 డిగ్రీల నీటిలో అపిస్టోగ్రామా పిల్లలను పెంచి చూశారు. ముప్పైకి పైగా జాతులలో నీరు వెచ్చనైనకొద్దీ మగపిల్లలు ఎక్కువైనవి. క్రిబ్‌లో పీహెచ్ తగ్గినకొద్దీ మగవి ఎక్కువౌతవి. పుట్టబోయే పిల్ల ఆడదో మగదో తండ్రి క్రోమోసోమే నిర్ణయిస్తుందని మనుష్యులను గూర్చి తరగతిలో చెప్పి, వెంటనే ఈ తొట్టి చూపిస్తే ప్రశ్నలకు కొదువ ఉండదు.

పెంచలేకపోయినప్పుడు ఈ చేపలను చెరువులోకి గాని కాలువలోకి గాని వదలకండి. ఇట్లా తొట్లనుండి జారిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఈనాడు కృష్ణా, గోదావరి నీళ్ళలో జాలరుల వలలు చింపుతున్నది. దానిని దయ్యపు చేప అని పిలుస్తున్నారు. మరొక పాఠశాలకు ఇవ్వండి, లేదా దుకాణానికే తిరిగి ఇవ్వండి.

చనిపోయిన చేపను కూడ పారవేయకండి. 70 శాతము ఆల్కహాలు పోసిన సీసాలో ఉంచి, కొన్న ఊరు, తేదీ, బ్రతికి ఉన్నప్పటి రంగులు, నీటి ఉష్ణోగ్రత పెన్సిలుతో రాసిన కాగితము లోపలే వేయండి. సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. రంగు పోయినా ముళ్ళు, పొలుసులు, పార్శ్వరేఖ రంధ్రాలు తీరికగా లెక్కించవచ్చును. డిసెంబరులో చనిపోయిన నా రామ్ చేప అటువంటి సీసాలోనే ఉన్నది. దాని మొదటి కాగితముమీద ఆల్టిస్పినోసస్ అని రాసి ఉంది. దానిని తీసివేయలేదు, రమిరెజి అని రాసిన రెండవ కాగితాన్ని తేదీ వేసి దాని ప్రక్కనే ఉంచాను.